ఎవరినీ బయటికి గెంటని ఇల్లు: ప్రేమ్‌చంద్ ‘గోదాన్’లో హోరీ కుటుంబం

అందరికీ నమస్కారం. ముందుగా ఒక కంబళి గురించి చెప్తాను.

మాఘమాసం, రాత్రి. చలి కొరికేస్తోంది. బఠానీ చేను గట్టున చిన్న గడ్డి పాక. అందులో కాపలా పడుకున్న ఒక రైతు. కింద పరుచుకున్న గడ్డి మంచుకి చెమ్మగిల్లింది. వెచ్చదనం కోసం తెచ్చుకున్న పిడక నిప్పు ఆరిపోయింది. మనసు మళ్లించుకోవడానికి చిటికెడు పొగాకు కూడా లేదు. పగిలిపోయిన పాదాలని కడుపులోకి ముడుచుకుని, కంబళిలో మొహం దాచుకుని, తన ఊపిరి వేడితో తనే వెచ్చబడాలని చూస్తున్నాడు. ఆ కంబళి అతను పుట్టకముందుది. చిన్నప్పుడు తండ్రి పక్కన అందులోనే పడుకున్నాడు. తండ్రయ్యాక కొడుకుని పక్కన వేసుకుని అందులోనే పడుకున్నాడు. వయసు మళ్లాక ఇప్పుడూ అదే. కాకపోతే అప్పట్లో అది నమిలే పన్ను, ఇప్పుడు సలిపే పన్ను అంటాడు రచయిత.

మూడు తరాలకి ఒకే కంబళి. ఈ రైతు పేరు హోరీ. నవల ‘గోదాన్’. రాసింది ప్రేమ్‌చంద్.

ప్రేమ్‌చంద్ 1880లో బనారస్ దగ్గర లమహీ అనే ఊళ్లో పుట్టాడు. ‘గోదాన్’ 1936లో వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 8న ఆయన చనిపోయాడు. ఆయన పూర్తి చేసిన ఆఖరి నవల ఇదే. కథ అవధ్ ప్రాంతంలోని బెలారీ అనే పల్లెలో జరుగుతుంది. ఇంట్లో హోరీ, భార్య ధనియా, కొడుకు గోబర్, కూతుళ్లు సోనా, రూపా. కథ మొదలయ్యేసరికి ధనియాకి 36 ఏళ్లు. జుట్టంతా నెరిసిపోయింది. ముగ్గురు మగపిల్లలు పసితనంలోనే పోయారు. మందు ఇప్పించి ఉంటే బతికేవాళ్లని ఆ తల్లి మనసు ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

ఈ నవల గురించి మాట్లాడేవాళ్లంతా చెప్పే మాట ఒకటుంది. హోరీ ఒక ఆవుని కొనుక్కోవాలనుకున్నాడు, ఆ కోరిక తీరకుండానే చచ్చిపోయాడు, ఇది భారతీయ రైతు విషాదం అని. అది నిజమే. కానీ నాకు ఆ మాట సరిపోవడం లేదు. తప్పించుకునే దారే లేని పేదరికంలో ఈ కుటుంబం రోజు రోజూ ఎలా నెట్టుకొచ్చింది? ఏం పట్టుకుని నిలబడింది? ఈరోజు నేను మాట్లాడాలనుకున్నది దాని గురించే.

ముందు, దారి ఎందుకు లేదో చూద్దాం. హోరీ సోమరి కాదు, తాగుబోతు కాదు. అతని చుట్టూ ఉన్న ఏర్పాటే అలాంటిది. జమీందారు రాయ్‌సాహెబ్ పక్క ఊళ్లో ఉంటాడు. ఊళ్లో ఆయన గుమాస్తా నోఖేరామ్. శిస్తు కట్టించుకుంటాడు, రసీదు మాత్రం ఇవ్వడు. రెండేళ్లు పోయాక పాత బాకీ ఉందంటాడు. కట్టాననడానికి హోరీ దగ్గర కాగితం ఉండదు. ఇక అప్పులిచ్చేవాళ్లు ఒకరా ఇద్దరా! ఝింగురీ సింగ్, పండితుడు దాతాదీన్, కొట్టు నడిపే దులారీ, మంగరూ సాహు, మన కరణం లాంటి పట్వారీ పటేశ్వరీ. ఒకరి అప్పు తీర్చాలంటే ఇంకొకరి గుమ్మం ఎక్కాలి.

దాతాదీన్ లెక్క ఒక్కటి చెప్తాను. ఎప్పుడో ఎద్దు కొనడానికి 30 రూపాయలిచ్చాడు. అది 100 అయింది. ఆ 100 కాస్తా 200 అయింది. కొడుకు గోబర్ పట్నం నుంచి వచ్చి, న్యాయమైన వడ్డీ కట్టి 70 ఇస్తాం, అంతకు మించి ఇవ్వమని తెగేసి చెప్తాడు. ఆ క్షణంలో మనకి ప్రాణం లేచొస్తుంది. కానీ దాతాదీన్ నేను బ్రాహ్మణ్ణి, నా డబ్బు ఎగ్గొట్టి సుఖపడగలవా అని లేవగానే హోరీ పరుగున వెళ్లి ఆయన కాళ్లు పట్టుకుంటాడు. బ్రాహ్మణుడి సొమ్ము ఒక్క పైసా మిగిలినా ఎముకలు విరుచుకుని బయటికి వస్తుందని అతని భయం. మొదటిసారి చదివినప్పుడు నాకు హోరీ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. కొడుకు తెచ్చిన న్యాయాన్ని తండ్రే కాళ్లదన్నేశాడే అని. తర్వాత తర్వాత అర్థమైంది. మొదటి అధ్యాయంలోనే హోరీ భార్యతో అంటాడు, మన మెడ ఎవరి కాలి కింద నలుగుతోందో ఆ కాలిని నిమరడంలోనే మన క్షేమం ఉంది అని. అది అతను బతుకు నుంచి నేర్చుకున్న పాఠం. గోబర్‌కి ఊరు వదిలి వెళ్లే దారి ఉంది కాబట్టి ఎదిరించగలిగాడు. హోరీ రేపు పొద్దున్న మళ్లీ అదే దాతాదీన్ మొహం చూడాలి.

చెరకు సంగతి ఇంకా ఘోరం. పంట మిల్లుకి వెళ్తుంది. డబ్బు చేతికొచ్చే చోటే ఝింగురీ సింగ్ కూర్చుంటాడు. హోరీకి వచ్చింది 120 రూపాయలు. తన బాకీ వడ్డీతో సహా పట్టుకుని హోరీ చేతిలో పెట్టింది పాతిక. ఆ పాతికతో బయటికి రాగానే నోఖేరామ్ ఎదురై శిస్తు అడుగుతాడు. ఆ పాతికా అక్కడే పోయింది. ఏడాది పొడుగునా పడ్డ కష్టం మిల్లు గేటు దగ్గర నుంచి ఇంటి గుమ్మం దాకా కూడా రాలేదు. అదే రోజు గిరిధర్ అనే ఇంకో రైతు హోరీకి కనిపిస్తాడు. మొత్తం లాగేసుకున్నారు కాకా, ఒక్క అణా మాత్రం నోట్లో దాచుకున్నాను, దాంతో కల్లు తాగానని చెప్తాడు. ఏడాది పంటలో ఆ మనిషికి మిగిలింది చెంపలో దాచుకున్న ఒక అణా. ఆ ఒక్క వాక్యం దగ్గర నేను పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

హోళీ రోజున ఊరి కుర్రాళ్లు వేసే వేషం కూడా చెప్పాలి. ఒక రైతు ఠాకూరు దగ్గర పది రూపాయలు అప్పు అడుగుతాడు. కాగితం రాయించుకుని చేతిలో ఐదే పెడతారు. ఇదేంటి దొరా అంటే, నజరానాకి ఒకటి, రాతకోతలకి ఒకటి, కాగితానికి ఒకటి, దస్తూరీకి ఒకటి, వడ్డీకి ఒకటి, చేతికి ఐదు, మొత్తం పది. రైతు ఆ ఐదూ తిరిగిచ్చేస్తాడు. చిన్న ఠాకురాణికి నజరానా ఒకటి, పెద్ద ఠాకురాణికి ఒకటి, ఇద్దరి తాంబూలానికి రెండు, మిగిలిన రూపాయి మీ కర్మకాండలకి ఉంచుకోండి అంటాడు. ఊరంతా పగలబడి నవ్వుతుంది. ఏడాదికొక్కసారైనా ఆ నవ్వు వాళ్లకి దక్కింది. పేదవాళ్ల గురించి రాసేటప్పుడు చాలామంది ఆ నవ్వుని రాయడం మర్చిపోతారు. ప్రేమ్‌చంద్ మర్చిపోలేదు.

ఇంకో సంగతి కూడా ఆయన దాచలేదు. పేదరికం మనిషిని చిన్నబుచ్చుతుంది. హోరీ వెదుళ్ల బేరమే చూడండి. తమ్ముళ్లతో కలిసి ఉన్న వెదురు పొద అది. వందకి 20 రూపాయలకి బేరం కుదుర్చుకుని, తమ్ముళ్లకి 15 అని చెప్పమంటాడు. తీరా అందరి ముందూ బేరగాడు అసలు బేరమే 15 అంటాడు. హోరీ నోరు విప్పలేడు. విప్పితే తన మోసమే బయటపడుతుంది. జనప నారని తడిపి బరువు పెంచడం, దూదిలో నాలుగు గింజలు కలపడం హోరీ లెక్కలో తప్పులే కావు. ఇంత మంచివాడు అంత చిన్న పని చేశాడా అనిపిస్తుంది. కానీ అప్పుల వాళ్ల దగ్గర ఒక్క పైసా తగ్గించలేని మనిషికి ఎక్కడో ఒకచోట నాలుగు డబ్బులు మిగుల్చుకోవాలనిపించడంలో ఆశ్చర్యమేముంది?

ఇప్పుడు ఆ చలి రాత్రికి, ఆ పాకలోకి తిరిగి వద్దాం.

ఆ రాత్రి ధనియా చేనుకి వస్తుంది, చీకట్లో ఒంటరిగా. విషయం ఏమిటంటే, గోబర్ ఝునియా అనే వితంతువుని ప్రేమించాడు. ఆమె భోలా అనే పాలవాడి కూతురు. ఇప్పుడామెకి ఐదో నెల. గోబర్ ఆమెని ఇంటి దాకా తీసుకొచ్చి, తను మొహం చాటేసి పారిపోయాడు. ఆ పిల్ల వచ్చి ఇంట్లో కూర్చుంది. హోరీ మండిపడతాడు. జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చేస్తానంటాడు. చేను దగ్గర నుంచి ఇంటి దాకా ఇద్దరూ నడిచి వస్తారు. ఆ నడకలో జరిగింది చూడండి. ఇంట్లో ఆ పిల్లని నోటికొచ్చినట్టు తిట్టింది ధనియానే. ఇప్పుడు దారి పొడుగునా ఆవిడే మెత్తబడుతూ వస్తుంది. ఈ రాత్రివేళ ఎక్కడికి పోతుంది, కడుపుతో ఉంది, నా మీద ఒట్టు, చెయ్యి మాత్రం ఎత్తకు అని బతిమాలుతుంది. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి హోరీ కోపం చల్లారిపోయింది. ఝునియా కాళ్ల మీద పడగానే భయపడకు తల్లీ, ఈ ఇల్లు నీది, మేము నీవాళ్లం అంటాడు.

నా దృష్టిలో మొత్తం నవలకి ఇదే గుండెకాయ. ఈ కుటుంబం పేదరికాన్ని ఎలా తట్టుకుందని అడిగితే నేను చెప్పే జవాబు ఈ గుమ్మమే. వచ్చినవాళ్లని వాళ్లు బయటికి గెంటలేదు. దానికి ఎంత చెల్లించారో ప్రేమ్‌చంద్ పైసలతో సహా లెక్క రాసి పెట్టాడు.

పంచాయితీ కూర్చుంది. తప్పు వేశారు. 100 రూపాయల నగదు, 30 మణుగుల ధాన్యం. వాళ్ల మణుగు లెక్కలో అది 11 క్వింటాళ్లకి పైమాటే. ధనియా అక్కడే నిలబడి, బీదవాణ్ణి ఏడిపించి మీరు సుఖపడరని పంచుల మొహం మీదే అరుస్తుంది. హోరీ మాత్రం కులం వెలేస్తుందన్న భయంతో తల వంచుతాడు. కళ్ళంలో ఉన్న గింజలని తట్టల కొద్దీ తలకెత్తుకుని తన చేతులతో తనే ఝింగురీ సింగ్ చావిట్లోకి మోసుకెళ్తాడు. చివరికి ధనియా అడ్డం పడితే గాని ఆగడు. నగదు కోసం ఇల్లు 80 రూపాయలకి తాకట్టు పెట్టాడు.

అంతటితో అయిపోలేదు. హోరీ ఆవుని తెచ్చుకున్నది ఈ ఝునియా తండ్రి భోలా దగ్గరే, 80 రూపాయలకి అరువు మీద. ఆ ఆవు అప్పటికే చచ్చిపోయింది, బాకీ మాత్రం బతికుంది. భోలా వచ్చి, నా కూతుర్ని మీ ఇంట్లోంచి వెళ్లగొట్టండి, బాకీ వదిలేస్తాను, లేదంటే ఎద్దులు విప్పుకుపోతాను అంటాడు. ఒక పక్క కాడెద్దులు, ఇంకో పక్క పెళ్లి కాకుండా ఇంటికొచ్చిన కోడలు, ఆమె పసిబిడ్డ. ఎద్దులు లేకపోతే రైతు లేడు. వాళ్లు ఝునియాని పంపలేదు. ఎద్దులు పోయాయి. ఆ తర్వాత హోరీ తన పొలాన్నే దాతాదీన్‌తో సగపాలుకి చెయ్యాల్సి వచ్చింది. చివరికి అదే దాతాదీన్ పొలంలో కూలివాడయ్యాడు. ఒకరోజు చెరకు పని చేస్తూ చేస్తూ స్పృహ తప్పి పడిపోయాడు.

ఆవు ఎలా చచ్చిందో చెప్పలేదు కదా. సొంత తమ్ముడు హీరా అసూయతో విషం పెట్టాడు. కుడితి తొట్టి దగ్గర వాణ్ణి హోరీ చూశాడు. ధనియా ఊరంతా వినేలా నిలదీస్తే, వణికే చేతిని గోబర్ తల మీద పెట్టి నేను చూడలేదని దొంగ ఒట్టు వేశాడు. ఉన్న ఒక్క కొడుకు తల మీద! హీరా ఊరొదిలి పారిపోయాడు. పోలీసు దరోగా ఇల్లు సోదా చేస్తానని వస్తే తమ్ముడి పరువు పోతుందని లంచం ఇవ్వడానికి కూడా హోరీ అప్పు చేశాడు. ధనియా ఆ డబ్బు మూట లాక్కుని అందరి ముందూ నేలకేసి కొట్టింది. ఇంత జరిగాక హోరీ చేసిందేమిటంటే, ఆ హీరా భార్య పునియా పొలం బీడు పడకుండా తన పొలం కంటే ముందు దాన్నే చూసుకోవడం.

సిలియా కూడా ఉంది. దాతాదీన్ కొడుకు మాతాదీన్ చేరదీసి, వాడుకుని, వదిలేసిన దళిత యువతి. పుట్టింటివాళ్లు కూడా కాదన్నాక ఆమెని ఇంటికి తెచ్చుకున్నది ధనియా. అప్పటికి ఆ ఇంట్లో వాళ్లకే తిండి లేదు.

చాలామంది హోరీని నాయకుడంటారు. నాకు మాత్రం ఈ ఇంటిని నిలబెట్టింది ధనియా. నోరు చెడ్డది, కోపం చెడ్డది, తిట్టని మనిషి లేడు. కానీ హోరీ ఎప్పుడు వంగినా దానికి కారణం భయమే. ధనియా వంగిందంటే ఎదుటివాళ్ల కష్టం చూసి వంగింది. ఈ రెండూ కలిస్తేనే ఆ సంసారం.

గోబర్ సంగతి క్లుప్తంగా చెప్తాను. లక్నో వెళ్లాడు, తోపుడు వ్యాపారం చేశాడు, నాలుగు డబ్బులు కూడాయి. అప్పుడేం చేశాడు? తనూ వడ్డీకి ఇవ్వడం మొదలుపెట్టాడు. దాతాదీన్‌ని నిలదీసిన కుర్రాడే! తర్వాత చక్కెర మిల్లులో కూలీ అయ్యాడు, సమ్మెలో దెబ్బలు తిన్నాడు, తాగి భార్యని కొట్టాడు. అతని మొదటి బిడ్డ పట్నంలోనే పోయాడు. పల్లె వదిలితే బయటపడొచ్చు అన్న ఆశని ప్రేమ్‌చంద్ అలా మూసేశాడు. ఈ భాగం నాకు కొంచెం తొందరగా నడిచినట్టు అనిపిస్తుంది, లక్నో పెద్దమనుషుల కబుర్లకి ఇచ్చిన పేజీలు గోబర్‌కి ఇచ్చి ఉంటే బాగుండేది.

ఇక రూపా. ఇది చెప్పడం నాకు కష్టంగా ఉంది.

మూడేళ్ల శిస్తు బాకీ పడింది. నోఖేరామ్ భూమి ఖాళీ చేయించడానికి బేదఖలు దావా వేశాడు. భూమి పోతే హోరీకి ఇంకేమీ లేదు. అప్పుడు దాతాదీన్ ఒక సంబంధం తెస్తాడు. రామ్‌సేవక్. హోరీ కంటే ఏ నాలుగేళ్లో చిన్నవాడు. కట్నం అక్కర్లేదు, పైగా భూమి నిలబెట్టుకోవడానికి 200 రూపాయలు చేతికొస్తాయి. పెద్ద కూతురు సోనా పెళ్లికి పరువు కోసం 200 అప్పు తెచ్చిన తండ్రి, చిన్న కూతురికి 200 పుచ్చుకున్నాడు. ఆ రూపాయలు అందుకుంటుంటే హోరీ చెయ్యి వణికింది. తల పైకి లేవలేదు. ఎవరెవరి బిడ్డలనో బయటికి పంపని ఇల్లు అది. ఎద్దులు పోయినా, ఇల్లు తాకట్టులో పడినా నిలబడ్డ హోరీ ఆ రోజు ఓడిపోయాడు. అతనికే ఆ సంగతి తెలుసు.

తర్వాత రోజుకి ఎనిమిది అణాల కూలికి రోడ్డు కోసం కంకర తవ్వే పనికి వెళ్లాడు. రాత్రిళ్లు దీపం దగ్గర భార్యాభర్తలిద్దరూ సుతిలి తాడు పేనేవారు. మనవడు మంగల్‌కి పాలు కావాలి, డబ్బు కూడగానే ముందు ఆవు కొనాలి, అదీ లెక్క.

ఆ రోజుల్లోనే ఒకరోజు హీరా తిరిగొచ్చాడు. ఏళ్ల తరబడి ఎక్కడెక్కడో తిరిగి, పిచ్చివాడిలా బతికి, అన్న కాళ్ల మీద పడ్డాడు. హోరీకి ఆ క్షణంలో తన బతుకులో ఓటమి అన్నదే లేదనిపించింది. తన గాదె నిండా గింజలున్నా ఈ సుఖం దొరికేది కాదనుకున్నాడు. హీరా పొలం నిలబెట్టింది తనే. ఆ సంతోషంతో పనికి వెళ్లాడు. వడగాడ్పు కొట్టి కంకర దగ్గరే కూలిపోయాడు.

ఇంటికి తెచ్చారు. గోదానం చేయించమన్నారు. ధనియా లోపలికి వెళ్లి, ఆ రోజు సుతిలి అమ్మగా వచ్చిన ఇరవై అణాలు తెచ్చి దాతాదీన్ చేతిలో పెట్టింది. ఇంట్లో ఆవు లేదు, దూడ లేదు, డబ్బు లేదు, ఇవే ఇతని గోదానం అంది. అని, స్పృహ తప్పి పడిపోయింది. ఇరవై అణాలంటే హోరీ కంకర కూలి రెండున్నర రోజులది.

అందరికీ గుర్తుండేది ఈ సన్నివేశమే. నేను వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది మాత్రం దానికి కొద్ది పేజీల ముందున్న చిన్న పేరా. అత్తారింట్లో రూపాకి లోటు లేదు. కొట్టం నిండా పశువులున్నాయి. వాటిని చూసినప్పుడల్లా పుట్టింటి ఆవు, దాని చుట్టూ ఆడుకున్న రోజులు, అది చచ్చిన రాత్రి గుర్తొస్తాయి. ఒకరోజు ఒక గొల్లవాడి చేత ఒక ఆవుని బెలారీకి తోలించింది. మంగల్ పాలు తాగడానికి పంపానని నాన్నకి చెప్పు అంది.

ఆ ఆవు ఇల్లు చేరిన ముచ్చట హోరీ కథలో రాదు.